ఉల్లంకి పిట్టలు తిరగని దారి

యుగేందర్ శవం చెరువు బురదలో వెల్లకిలా పడి ఉంది. అక్కడి దాకా వెళ్లిన అడుగు గుర్తు మాత్రం ఒక్కటీ లేదు.

ముందు చూసింది అతని అక్క సంధ్య. "తమ్మీ!" అని ఒక్క కేక పెట్టి చెరువులోకి దిగబోయింది. డిటెక్టివ్ మనోరమ ఆమె జబ్బ పట్టుకుని ఆపింది.

"ఇడువు అక్కా! ఆడ ఉన్నది మా తమ్ముడు!"

"ఎరుకే. ఇప్పుడు నువ్వు దిగితే ఆ బురదల నీ అడుగులే మిగులుతయి. జర ఆగు."

సంధ్య అక్కడే కూలబడింది. మనోరమ ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యలేక వెనక్కి తీసుకుంది. ఓదార్చే అలవాటు తప్పి చాలా ఏళ్లయింది.

నిన్న మధ్యాహ్నం దాకా ఈ ఇద్దరికీ పరిచయమే లేదు. తెలంగాణ కోసం పల్లెలన్నీ రైలు పట్టాల మీదికి కదిలిన రోజది. విజయవాడలో ఒక కేసు ముగించుకుని హనుమకొండ తిరిగి వెళ్తున్న మనోరమ రైలు మహబూబాబాద్‌లో నిలిచిపోయింది. రైళ్లను ఆపినవాళ్లే ప్రయాణికులకు పులిహోర పొట్లాలు పంచారు. కిటికీలోంచి ఆమెకు పొట్లం అందించింది సంధ్య, భూపాలపల్లి సర్కారు దవాఖానలో నర్సు. "ఇంటికాడ ఎదురుచూస్తుంటరు, ఫోన్ చేసి చెప్పరాదు అక్కా" అంది. ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరని చెప్పడానికి మనోరమకు కాస్త సమయం పట్టింది. వయసు యాభై దాటింది, రెండు గదుల ఇల్లు, గడపకు తాళం. ఆమె సంసారం అంతే.

సాయంత్రం సంధ్య మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చింది, ఈసారి ముఖం వాడిపోయి. స్టేషన్‌కు వస్తానన్న తమ్ముడు రాలేదు. ఫోన్ మోగడం లేదు. పొద్దున ఏనుగులగడ్డ చెరువుకు పోతున్నానని మాత్రం చెప్పాడు. మనోరమ సంచీ తీసుకుని రైలు దిగేసింది. రాత్రంతా అతని గది దగ్గర చూసి, తెల్లవారగానే అరువు స్కూటర్ మీద ఇద్దరూ ఇక్కడికి వచ్చారు.

యుగేందర్ మహబూబాబాద్ డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. పెళ్లి చేసుకోలేదు. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఈ చెరువు బురదలో పురుగులు ఏరుకునే ఉల్లంకి పిట్టలే అతని లోకం.

"నిన్న పదకొండున్నరకు వాని ఫోన్ వచ్చిందక్కా" అంది సంధ్య, చెరువు వైపే చూస్తూ. "పట్టాల మీద డప్పులు మోగుతున్నయి. నాకు ఇనపడలే. మల్ల చేస్తే మోగలే. సావబోయేముందు ఆఖరి మాట చెప్పిపోదామని చేసిండా? గా మాట ఒక్కటి చెప్పు నాకు. ఎవలు పట్టువడ్డా పడకున్నా నాకు గా మాట కావాలె."

మనోరమ మాట ఇవ్వలేదు. కళ్లద్దాలు తుడుచుకుని చెరువు వైపు తిరిగింది.

కట్ట వైపు నీళ్లు లోతు. అక్కడ రేకుల షెడ్డు, దాని ముందు రెండు మోటారు పడవలు, పసుపు రంగు నీటి స్కూటర్ ఒకటి. అవతలి కొసకు పోయేకొద్దీ నీళ్లు పలచబడి బురద తేలింది. ఆ రెండింటి మధ్య ఎర్ర గుడ్డలు కట్టిన కట్టెల వరుస. ఇటు పడవలు, అటు పిట్టలు. ఆ వరుస చెరువుకు అడ్డంగా సాగి, అంచున పచ్చగా ఉన్న శిఖం మళ్లను చుట్టుకుని పోయింది. శిఖమంటే చెరువు నిండితే మునిగే నేల. నీళ్లు తగ్గినప్పుడు ఊళ్లోవాళ్లు దున్నుకుంటారు. ఒక మడి దగ్గర మాత్రం రెండు కట్టెలు పీకేసి పడి ఉన్నాయి.

శవం పడి ఉన్నది పిట్టల వైపు, బురద నడుమ. మెడలో జై తెలంగాణ అని రాసిన కండువా.

*

ఇన్‌స్పెక్టర్ మాన్‌సింగ్ జీపు దిగుతూనే ముఖం చిట్లించాడు. మనోరమ అతనికి కొత్త కాదు. ఒకసారి అతను ఆత్మహత్య అని మూసేసిన కేసును ఆమె హత్య అని తేల్చింది. ఆ సంగతి ఆమె మరిచిపోయినా అతను మరిచిపోలేదు.

"మీ రైలు ఆగితే మీరు మా నెత్తినెక్కిండ్రా మేడం?"

"రైలు కదిలినంక దిగుతలే, కోపం చేసుకోకు."

మాన్‌సింగ్ నవ్వలేదు. కట్ట మీద నిలబడే ఒకసారి చూశాడు, తేల్చేశాడు. "కండువా కప్పుకున్నడు, నీళ్లలకు నడిచిండు. తూము మూడు దినాల సంది తెరిచే ఉన్నది. నీళ్లు ఎనుకకు పోయినయి, శవం మిగిలింది. నీళ్లల నడిచినోనికి అడుగులు ఎక్కడివి? తెలంగాణ కోసం పానం ఇచ్చిండు. ఊరోళ్లు అప్పుడే అమరుడు అంటున్నరు. ట్రాక్టరుకు పూలు కడుతున్నరు. మధ్యాహ్నం వరకు ఊరేగింపు."

"పంచనామా?"

"కాలేజీ సార్లు సమ్మెల, దవాఖానోళ్లు సమ్మెల. నేనొక్కన్ని డ్యూటీల ఉన్న. ఈయన అమరుడు కాదని నేనంటే ఊరు నా జీపును తగలవెడ్తది. అమరుడంటే ఇంటికి పోయి అన్నం తింట."

"నిజంగ పానాలు ఇచ్చిన పిల్లలున్నరు సింగన్నా. వాళ్ల వరుసల ఒక అబద్ధాన్ని పండవెడ్తవా?"

మాన్‌సింగ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ట్రాక్టరు వచ్చేదాక టైము ఇస్త" అన్నాడు చివరికి. "ఒక్క నిమిషం ఎక్కువ కాదు. ఏమీ దొరకకుంటే మీరే మైకు పట్టుకొని అమరుడని చెప్పాలె."

"సరే."

సంధ్య తల ఎత్తి ఇద్దరినీ చూసింది. ఆమె తమ్ముని చావు మీద ఇద్దరు పందెం వేసుకున్నట్టు ఉంది ఆ చూపు. మనోరమ కళ్లు దించుకుంది.

*

పడవల షెడ్డులోని పలకలు తెప్పించి, పక్క నుంచి బురద మీద పరిపించింది మనోరమ. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు దోపుకుని, వాటి మీద నడుస్తూ శవాన్ని చేరింది. మాన్‌సింగ్ వెనకాలే వచ్చాడు, బూట్లు చేత్తో పట్టుకుని.

చొక్కా, ప్యాంటు, చేతులు నల్లటి బురదతో అట్టకట్టి ఉన్నాయి. ముఖం మాత్రం శుభ్రంగా ఉంది. మనోరమ వంగి ముక్కు రంధ్రాల్లోకి చూసింది. లోపలంతా బురద.

"వెల్లకిల పడ్డోని ముక్కులకు బురద ఎట్ల పోయింది?"

"నీళ్లల కొట్టుకుంటడు కద."

"మరి మొఖం ఎవలు కడిగిండ్రు?"

"నీళ్లే."

"నీళ్లకు మొఖమే ముద్దొచ్చిందా? చొక్కా ఎందుకు కడగలే?"

 మనోరమ సైగ చేస్తే ఇద్దరు కానిస్టేబుళ్లు శవాన్ని మెల్లగా పైకెత్తారు. కింద ఒత్తుకుపోయిన బురద మీద సన్నని మూడు వేళ్ల గుర్తులు అటూ ఇటూ పరుగులు తీసి ఉన్నాయి.

"గివి ఏంది?"

"పిట్టల కాళ్లు" అన్నాడు మాన్‌సింగ్.

"ఉల్లంకి పిట్టలు నీళ్లల మునిగి నడువయి. ముందు నీళ్లు పోయినయి, బురద తేలింది. పిట్టలు తిరిగినయి. ఆ తర్వాత ఈయనను ఎవలో తెచ్చి వాటి అడుగుల మీద పండవెట్టిండ్రు. ఈయన నీళ్లల సావలేదు సింగన్నా."

మాన్‌సింగ్ వంగి ఆ గుర్తుల్ని చూశాడు. "ఎత్తుకొచ్చినోడు ఎగిరొచ్చిండా? వాని అడుగులేవి?"

అదే ఆమెకూ చిక్కలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూసింది. ఎండ ఏటవాలుగా పడుతోంది. బురదంతా పిట్టల కాళ్లే, ముగ్గు చుక్కల్లా. అంతటా కాదు. శవం దగ్గర మొదలై ఒడ్డు దాకా బారెడు వెడల్పున ఒక దారి నున్నగా మెరుస్తోంది. ఆ దారిలో మనిషి అడుగూ లేదు, పిట్ట అడుగూ లేదు. ఈ పొద్దుటివి నాలుగైదు తప్ప. దాని రెండంచులా సన్నని కట్టలా బురద లేచి ఉంది.

మనోరమకు తల్లి గుర్తొచ్చింది. నాట్లకు ముందు మడిలో చెక్క కట్టి లాగుతుంటే, వెనక అద్దంలా పరుచుకునే బురద.

"నీ తండాల ఏం పండిస్తరు సింగన్నా?"

"మక్క, పత్తి. ఎందుకు?"

"అందుకే నీకు కనపడలే. గిది వరి మడి చదును చేసిన తీరు. చెక్కకు తాడు కట్టి మనిషి ముందు నడుస్తడు. ఎనుక వచ్చే చెక్క ఆయన అడుగులను పూడ్చుకుంట వస్తది. పోయేటప్పుడు చెక్క మీద శవం, వచ్చేటప్పుడు ఉత్త చెక్క. మనిషి అడుగులు పోయినయి. పిట్టలవి కూడ పోతయని ఆయనకు తోచలేదు."

మాన్‌సింగ్ ఒడ్డు వైపు చూశాడు. ఆ నున్నటి దారి శిఖం మళ్ల దగ్గర ఆగింది. "ముందు పడవలు నడిపేటోన్ని అడుగుదాం" అన్నాడు మొండిగా. "పగ ఉన్నది వానికే."

*

పడవల సందీప్ జనగామ వ్యాపారుల బిడ్డ. షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. కబురు తెలియగానే బండి మీద వచ్చానన్నాడు.

"నిన్న ఏడున్నవు?" మాన్‌సింగ్ అడిగాడు.

"జనగామల. రోడ్డు మీద వంటావార్పు. మా దుకాణం ముందరే పొయ్యిలు పెట్టిండ్రు. బియ్యం మేమే ఇచ్చినం. ఊరంత చూసింది సార్."

"యుగేందర్‌తోటి నీకు పడదు గద."

"పోయిన సాలు పడకపోయేది" అన్నాడు సందీప్. "మోటరు చప్పుడుకు పిట్టలు లేస్తయి, అలలకు బురద మునుగుతది అని నా మీద కంప్లైంటు ఇచ్చిండు. నేను కూడ తిట్టిన. ఈ సాలు ఇద్దరం కూసొని మాట్లాడుకున్నం. కట్ట దిక్కు నాకు, పలచని దిక్కు పిట్టలకు. కట్టెలు దాటి పడవ పోవద్దు, మనిషి దిగద్దు. ఆయన నా పడవల పిల్లలను ఎక్కించుకొని దూరం నుంచి పిట్టలను చూపించిండు కూడ. మంచిగ నడుస్తుండె మేడం."

"పలచని దిక్కు మళ్లు కూడ ఉన్నయి. మళ్లోళ్లను అడిగిండ్రా?"

సందీప్ నేల చూశాడు. "వాళ్ల దగ్గర కాయితం లేదు. శిఖం సర్కారుది. వచ్చే సాలు నుంచి దున్నద్దని చెప్పినం."

"ఎవలకు చెప్పిండ్రు?"

"మిగిలినోళ్లకు వేరే భూములు ఉన్నయి. సమ్మయ్య తాతకు అదొక్కటే మడి. ఆయన ఏం అనలే. కట్టెల దిక్కు చూసుకుంట పోయిండు." కొంచెం ఆగి అన్నాడు. "ఆ చూపు యుగేందర్ సారును నిద్ర పోనియ్యలేదంట. మొన్న వచ్చి, సందీపూ, మనం ఇద్దరం పంచుకున్నం, మూడో మనిషిని మరిచినం అన్నడు. తాత మడి తాతకు ఇడిచి కట్టెలు ఇవతలికి జరుపుదాం అన్నడు. జరుపు సార్ అన్న. నిన్న పొద్దున తానే పీకి జరుపుతా అన్నడు."

మనోరమ లేచి నిలబడింది. పీకేసి ఉన్న ఆ రెండు కట్టెల వైపు చూసింది. పక్కనే సంధ్య ఉంది. ఆమె కూడా విన్నది.

దూరాన ట్రాక్టరు మోత వినిపించింది.

*

సమ్మయ్య మడి గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, ఎండకు నల్లబడిన వీపు. వరి మోకాలెత్తు పెరిగి గాలికి కదులుతోంది. సందీప్, కానిస్టేబుల్‌తో సహా ఐదుగురు మనుషులు తన వైపే వస్తున్నా లేవలేదు.

"సమ్మయ్యన్నా, రామ్ రామ్" అంది మనోరమ.

"రామ్ రామ్ బిడ్డా."

"నిన్న ఊరంత మానుకోట పట్టాల మీదికి పోయిందట. నువ్వు పోలేదా?"

"మడికి నీళ్లు వెట్టాలె. నాకు ఇంకెవలున్నరు?"

గట్టు చివర తుమ్మచెట్టుకు ఆనించి ఒక చెక్క నిలబెట్టి ఉంది. బారెడు పొడవు. శుభ్రంగా కడిగి ఎండకు పెట్టారు. మనోరమ వేలితో తాకింది. చెక్క ఇంకా తడిగా ఉంది. తాడు ముడిలో నల్లటి బురద ఇరుక్కుని ఉంది.

"నాట్లు పడి ఎన్ని దినాలు అయిందన్నా?"

"నెల దాటింది."

"మరి రాత్రి ఈ చెక్కకు పని ఏం పడ్డది?"

  పని అయ్యాక చెక్కను కడిగి ఎండకు పెట్టడం ఏళ్ల అలవాటు. రాత్రి సమ్మయ్య చేతులు ఆ పనే చేశాయి. అతను చెక్కను చూసి, తన చేతుల్ని చూసుకున్నాడు.

"గట్ల అయితే నేను చెప్త" అన్నాడు మాన్‌సింగ్ ముందుకొచ్చి. మనోరమ చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె గట్టు మీద, ముసలాయన పక్కనే కూర్చుంది.

"నిన్న పొద్దున పిట్టల సారు కట్టె పట్టుకొని నీ గట్టు మీద నిలబడ్డడు. నీ మడిల పాతుతున్నడు అనుకున్నవు. ఆయన పీకుతుండె అన్నా. నీ మడి నీకు ఇడిచి కట్టెలు అవతలికి జరుపుతుండె. పడవల సందీపుకు మొన్ననే చెప్పిండు."

సమ్మయ్య ఆమె ముఖంలోకి చూశాడు. అబద్ధమేమోనని వెతికాడు. కట్టెలున్న వైపు చూశాడు, సందీప్‌ను చూశాడు. సందీప్ తల ఊపాడు.

కట్ట మీద ట్రాక్టరు ఆగింది. జోహార్లు వినిపిస్తున్నాయి. మాన్‌సింగ్ కానిస్టేబుల్ వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "పోయి ఆపు. అమరుడు కాదని నేను చెప్పిననని చెప్పు."

సంధ్య వచ్చి సమ్మయ్య ఎదుట బురదలోనే కూర్చుంది. "నేను వాని అక్కను. వాడు నాకు ఫోన్ చేసిండు, నేను ఎత్తలే. నువ్వు ఆడ ఉన్నవా తాతా? వాడు ఎట్ల ఉన్నడు?"

ముసలాయన చెప్పడం మొదలుపెట్టాడు, ఎవరికీ కాకుండా వరికి చెప్తున్నట్టు.

"నవ్వుతుండె బిడ్డా. ఫోను చెవికి పెట్టుకున్నడు. ఎవలు ఎత్తలేదేమో, నవ్వుకుంటనే జేబుల పెట్టిండు. ఈల వేసుకుంట కట్టెను ఇటూ అటూ ఊపుతున్నడు. సావాలనుకున్నోడు ఈల వెయ్యడు బిడ్డా. ఆ ఈల ఇన్నంకనే నాకు కడుపుల మండింది. నా మడి గుంజుకునుడు ఈయనకు గింత సంబురమా అనుకున్న. నా ముసల్ది పోయినంక నాతోటి మాట్లాడేది గీ మడి ఒక్కటే. పోయి కట్టె గుంజుకున్న. నూకిన. బురదల బోర్ల పడ్డడు. లేవబోతే మెడ మీద కట్టె పెట్టి అదిమిన. ఎంతసేపో నాకు ఎరుకలే. కట్టె తీసేసరికి కదులుత లేడు. ఎవలన్న రాండ్రని ఒర్రిన. ఊరంత పట్టాల మీద ఉన్నది, వచ్చేటోడు ఎవడు? ఎవలన్న వస్తే చెప్పుదామని పొద్దుగూకేదాక ఆయన పక్కన్నే కూసున్న. పిట్టలు మల్ల దిగినయి. మమ్ములను చూసి బెదరలే. మేము ఇద్దరం సచ్చినోళ్లమే అనుకున్నయేమో. చీకటి పడ్డంక మొఖం కడిగిన. బురద మొఖంతోటి ఎట్ల ఇడుస్త? నా కండువా ఆయన మెడల ఏసిన. అమరుడంటే ఊరంత మొక్కుతది, నేను కూడ నలుగుర్ల కలిసి మొక్కుదామనుకున్న. చెక్క మీద గుంజుకపోయి ఆయన పిట్టల నడుమ పండవెట్టిన. నూకేముంగట ఆయన నా దిక్కు తిరిగిండు. తాతా, నీకొక మాట చెప్పాలె అన్నడు. నేను చెప్పనియ్యలే బిడ్డా. నేనే చెప్పనియ్యలే."